ఈ కాలు ఎవరి పాపము?

మన గోదావరి జిల్లాలలో బోదకాలు ఎరుగనివారు లేరు. రేవు దగ్గర, సంతలో, ఆదివారపు ఆరాధనలో దానిని చూచుచునే పెరిగితిమి. మునుపటికంటె ఇప్పుడు తగ్గినమాట నిజమే. అయినను పాత రోగులు మన మధ్యనే ఉన్నారు. మీ గుడిలోనే వెనుక చాపమీద, గుమ్మము దగ్గర కూర్చుండి, చీర అంచు మడమలవరకు లాగికొనువారెవరో మీకు తెలియును. వారు ఆలస్యముగా వచ్చి, ఆశీర్వాదము కాకమునుపే లేచిపోవుదురు. ఎందుకని ఎవరును అడుగరు.

ఈ మాసము నేను వ్రాయునది రోగమును గూర్చి మాత్రమే కాదు, మనలను గూర్చి కూడ. ఈ మాటలు కొందరికి కోపము పుట్టించును. పుట్టించవలెననియే వ్రాయుచున్నాను.

బోదకాలు చూచినప్పుడు మన నోట మొదట వచ్చు మాట ఏది? “ఏ పాపం చేసుకుందో!” ఇరుగుపొరుగువారు పూర్వజన్మ కర్మమందురు. మనము పూర్వజన్మను నమ్మము గనుక తాతలనాటి శాపమందుము. పేరు మార్చితిమి, తీర్పు మార్చలేదు. పుట్టు గ్రుడ్డివానిని చూచినప్పుడు శిష్యులకు వచ్చిన సందేహమును ఇదియే. తప్పు వానిదా, వాని తల్లిదండ్రులదా అని. ప్రభువు ఆ ఇద్దరిలో ఎవరిమీదను నేరము మోపలేదు. యోహాను 9వ అధ్యాయముపై నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో లెక్కలేదు. విన్నవారు తల ఊపిరి. ఇంటికి వెళ్లి అదే ప్రశ్న అడిగిరి.

నిజముగా ఆ కాలు ఏలాగు వచ్చును? క్యూలెక్సు అను దోమవలన. ఈ దోమ పెరటిలోని కుండీలో, పారని డ్రైనులో, మూతలేని మరుగుదొడ్డి గుంటలో, మురుగు నీరు నిలిచిన ప్రతిచోట పెరుగును. సోకినవాని రక్తములోని కంటికి కనబడని పురుగు పిల్లలను అది పీల్చి, కొన్నాళ్లకు మరియొకనికి అంటించును. అవి దారమువంటి పురుగులై శోషరస నాళములలో కాపురముండి వాటిని చెరుపును. నీరు దిగుటకు దారి లేక కాలు వాచును. చిన్ననాడు సోకినది పెద్దయైన తరువాత బయటపడవచ్చును. దోమకు ఇందులో పాలున్నదని పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు 1877లోనే చీనా దేశములో కనిపెట్టెను. మన దేశములో 1955లో జాతీయ ఫైలేరియా నివారణ పథకము ఆరంభమైనది. ఈ వ్యాధిని గూర్చి తరిఫీదునిచ్చు కేంద్ర ప్రభుత్వ సంస్థ మన రాజమండ్రిలోనే ఏర్పడినది. ఆ పురుగు పిల్లలు రాత్రివేళ ఎక్కువగా రక్తములో తిరుగును గనుకనే ఆరోగ్యశాఖవారు పొద్దుపోయిన తరువాత వచ్చి వ్రేలు పొడిచి రక్తము తీసికొందురు. వారిని దొంగలను కసరినట్లు కసరి పంపిన విశ్వాసులను నేనెరుగుదును. దోమ మాత్రము ఎవరి తాత ఏమి చేసెనో విచారించి కుట్టదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొందును. సుమారు ఇరువది యేండ్ల క్రిందట కోనసీమలో నేను కాపరిగా ఉన్న సంఘములో ఒక తల్లికి కుడికాలు బోద. ఆ కాలితోనే వరిచేలలో ఊడ్చి, కోసి బిడ్డలను పెంచినది. పెద్దకుమార్తెకు ఏటి అవతలనుండి మంచి సంబంధము వచ్చెను. పెండ్లిచూపులనాడు తల్లిని వంటింటినుండి కదలనియ్యలేదు. ఒంట్లో బాగులేదని చెప్పిరి. పెండ్లినాడు గుడిలో తండ్రి ఒక్కడే నిలువబడెను. అమ్మ ఏదియని నేనడుగగా చిన్నపిల్ల నా దగ్గరకు వచ్చి, “అమ్మని ఇంట్లోనే ఉండమన్నారండి అయ్యగారూ, కాలు కనపడుద్దని,” అనెను. నేనేమి చేసితిని? గడియారము చూచికొని పెండ్లి జరిపించితిని. ప్రార్థనలో తల్లిదండ్రులిద్దరికొరకు దేవుని స్తుతించితిని కూడ. రిజిస్టరులో సంతకములు పెట్టించి, భోజనము చేసి వచ్చితిని. ఆ అన్నము వండినది ఆమెయే. సెమినారీలో నేర్చిన గ్రీకు, హెబ్రీ భాషలు ఆ ఉదయము నాకు నోరు ఇయ్యలేదు.

సంగతి దాగలేదు. ఆ కుమార్తె అత్తవారింట ప్రతి కాన్పుకు ముందు తన కాళ్లు చూపించుకొనవలసి వచ్చెనట. ఇది తల్లినుండి బిడ్డకు వారసత్వముగా దిగు రోగము కాదని వారికి చెప్పువారు లేకపోయిరి. చెప్పవలసినవాడను నేనే.

కాలు ఒకరిదే గాని కుంటునది ఇల్లంతయు. కొన్నాళ్లకొకసారి చలిజ్వరము వచ్చి, గజ్జలో బిళ్ల కట్టి, కాలు నిప్పువలె మండును. ఆ దినముల కూలి పోవును. ఊడ్పుల రోజులలో అయితే ముఠాలో చోటే పోవును. ఆడపిల్ల బడి మాని పొయ్యి దగ్గర కూర్చుండును. మగవారి సంగతి మరియొకటి. వరిబీజము దిగినవాడు పంచె మాటున దాచుకొని, భార్యకును సరిగా చెప్పక, పనికి పోలేక, అరుగుమీద కూర్చుండి సోమరియని పేరు తెచ్చుకొనును. వరిబీజమును శస్త్రచికిత్సచేత బాగుచేయవచ్చును, ప్రభుత్వ ఆసుపత్రులలోను చేయుదురు. సిగ్గుచేత ఏండ్లతరబడి మోసినవారిని చూచితిని. ఆ సిగ్గును వారికి తగిలించినది మనమే.

ఇక మాత్రల సంగతి. 2004 మొదలు ఫైలేరియా ఉన్న జిల్లాలలో ఏడాదికొకసారి ఇంటింటికి డి.ఇ.సి. మాత్రలు పంచుట ఆరంభమైనది. తరువాత ఆల్బెండజోలు కూడ చేర్చిరి. గర్భిణులకు, రెండేండ్లలోపు బిడ్డలకు, తీవ్ర వ్యాధితో ఉన్నవారికి వాటిని ఇయ్యరు, మిగిలినవారందరును మ్రింగవలెను. మనవారు తీసికొని గూటిలో పెట్టిరి. “దేవుడు స్వస్థపరచును, మందులు మాకేల?” అని స్వస్థత కూటములలో బోధించువారు కొందరు బయలుదేరిరి. వారు చూపించు వచనము ఆసా రాజు సంగతి, రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయము. ఆసాకు పాదములలో రోగము వచ్చెను, దేవుని వెదకక వైద్యులను వెదకెను, చచ్చెను. గనుక వైద్యులు వద్దని వారి తర్కము. అయ్యా, ఆ అధ్యాయము మొదటినుండి చదువుడి. ఆసా దేవుని మందిరపు వెండి బంగారములు అరాము రాజునకు పంపి అతనిని ఆశ్రయించెను. అది తప్పని చెప్పిన దీర్ఘదర్శి హనానీని చెరసాలలో వేయించెను, జనులలో కొందరిని బాధించెను. అతని తప్పు దేవుని విడుచుట. మందు త్రాగుట కాదు. మందే పాపమైనయెడల హిజ్కియా పుండుమీద అంజూరపు ముద్ద వేయించిన యెషయా పాపియే. కడుపునొప్పికి ద్రాక్షారసము పుచ్చుకొమ్మని తిమోతికి వ్రాసిన పౌలు పాపియే. ఇక వైద్యుడైన లూకా సువార్తను ఏమి చేయుదుము? రోగులకొరకు నేనును ప్రార్థించుచున్నాను, నూనె రాయుచున్నాను. కాని మాత్ర మానుమని చెప్పువాడు తనకు పన్ను నొచ్చినప్పుడు కాకినాడ బస్సు ఎక్కుటయు చూచితిని.

మనము ఈలాగు వెలివేసిన రోగము ఇదొక్కటే కాదు. కుష్ఠురోగులకు కెనడా బాప్టిస్టు మిషనువారు రామచంద్రపురములో ఆశ్రమము కట్టిరి. కన్నవారు గుమ్మములోనికి రానియ్యనివారిని పరదేశులు చేర్చుకొనిరి. ఆ రోగమును కుదుర్చు బహుఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసెను. అయినను కుష్ఠు విడాకులకు కారణమను మాట మన క్రైస్తవుల విడాకుల చట్టములో సహా నిలిచియుండెను. 2019లో పార్లమెంటు దానిని తీసివేసినది. వ్యాధిలోను ఒకరినొకరు విడువమని వధూవరులచేత ప్రమాణము చేయించు నేను, ఆ మాట తీసివేయుడని ఒక్క ఉత్తరమైనను వ్రాయలేదు.

దాది చేతిలోనుండి పడి రెండు కాళ్లు కుంటిపడిన మెఫీబోషెతును దావీదు తన బల్లయొద్దనే కూర్చుండబెట్టెను. వంటింటిలో కాదు.

పరిశుద్ధ గురువారమున మనలో కొన్ని సంఘములలో పాదములు కడుగు ఆచారము కలదు. పెద్దలు ఇంటివద్దనే కాళ్లు బాగుగా రుద్దుకొని, ఇస్త్రీ పంచెలతో వచ్చి కుర్చీలలో కూర్చుందురు. పాస్టరుగారు వ్రేళ్లకొనలపై రెండు చెంచాల నీళ్లు పోయుదురు. కడుగ నక్కరలేని కాళ్లు కడిగి తృప్తిపడుచున్నాము. ఇదే సమయమున, బోదకాలికి వైద్యులు చెప్పు మొదటి చికిత్స కడుగుటయే! ఇది నా కల్పన కాదు. ఆ జ్వరములు తరచుగా వ్రేళ్ల సందులలోని పగుళ్లగుండ క్రిములు దూరుటచేత వచ్చును. గనుక ప్రతిదినము సబ్బుతో, శుభ్రమైన చన్నీళ్లతో, చర్మపు మడతలు, వ్రేళ్ల సందులు మెల్లగా కడుగవలెను. రుద్దక మెత్తని గుడ్డతో అద్ది తడి లేకుండ ఆరనియ్యవలెను. పగుళ్లకు డాక్టరు చెప్పిన లేపనము రాయవలెను. కూర్చున్నప్పుడు, పండుకొన్నప్పుడు కాలు ఎత్తుమీద ఉంచవలెను. వాచిన కాలు మాత్రలతో మరల మునుపటివలె కాదు. ఈ కడుగుటచేత జ్వరములు తగ్గును, వాపు ముదరక నిలుచును. అయితే కాలు బాగుగా ఉబ్బినవారికి తమ వ్రేళ్లు తమకే అందవు. మరియొకరి చేతులు కావలెను.

ఆ తల్లియొద్దకు నేను మరల వెళ్లితిని, పదునైదేండ్లు ఆలస్యముగా. నా భార్య పళ్లెము, సబ్బు తెచ్చెను. “ముట్టుకోకండి అమ్మగారూ, వాసనొస్తుందండి,” అని ఆమె కాలు వెనుకకు లాగికొనెను. నా భార్య వినలేదు. నేను నీళ్లు పోసి, తుండుగుడ్డతో అద్దితిని. ఆ దినము ఎవరమును ప్రార్థన చేయలేదు. పగుళ్లు ఆరుటకు మూడు వారములు పట్టెను. మరుసటి ఏడాది జ్వరము రెండుసార్లే వచ్చినదని కబురు తెలిసెను. చిన్నకుమార్తె ఇప్పుడు ప్రతి సాయంకాలము కడుగుచున్నది. పెద్దకుమార్తె అత్తవారింటికి మాత్రము ఆమె ఇంతవరకు వెళ్లలేదు. వారు పిలువలేదు.