అప్పజెప్పడం మానేసిన చదువు

పన్నెండో తరగతిలో సైకాలజీ తీసుకున్న పిల్లలు పరీక్షకు చదివే తీరులో నాకొక వింత కనిపిస్తూ ఉంటుంది. మనిషి నేర్చినదాన్ని ఎందుకు మరచిపోతాడు, ఎలా నిలుపుకుంటాడు అన్న సంగతి మీద పదకొండో తరగతి పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. దాన్ని చదివి, పరీక్ష వ్రాసి, ఉత్తీర్ణులై, మరుసటి ఏడు అదే శాస్త్రానికి తయారయ్యేటప్పుడు మాత్రం ఆ అధ్యాయం పనికిరావన్న పద్ధతులనే వరసగా పట్టుకుంటారు. ఈత మీద గ్రంథం చదివినవాడు ఏటి ఒడ్డున నిలబడి ఆ గ్రంథాన్నే మళ్ళీ తిరగేసినట్టు ఉంటుంది.

మా అన్నయ్య కూతురు ఈ ఏడు ఆ పరీక్ష వ్రాయబోతోంది. హైదరాబాదులో సీబీఎస్ఈ బడి. మన ఇళ్ళలో పదో తరగతి తరువాత ఎంపీసీయా, బైపీసీయా అన్న ఒక్క ప్రశ్నే ఉంటుంది కదా. ఆ పిల్ల రెండూ కాదని సైకాలజీ, చరిత్ర, రాజనీతిశాస్త్రం ఎంచుకున్నప్పుడు నెలరోజులపాటు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. చివరకు మా అన్నయ్య ఒక షరతు పెట్టాడు. సైకాలజీలో తొంభై మార్కులు దాటితే డిగ్రీలోనూ అదే చదువుకోవచ్చు. దాటకపోతే తాను చెప్పిన బీకాంలో చేరాలి. అందులో ప్రయోగాలకు 30 మార్కులు, వ్రాతపరీక్షకు 70. ప్రయోగాల మార్కుల గురించి బడిలో ఎవరికీ పెద్ద బెంగ లేదు. బెంగంతా ఆ మూడు గంటల డెబ్బై మార్కుల గురించే.

"ఏడుసార్లు చదివాను బాబాయ్, ప్రశ్న చూస్తే ఏమీ తోచడం లేదు" అన్నది సంక్రాంతి సెలవుల్లో. పుస్తకం తీసి చూశాను. నాలుగు రంగుల గీతలు. గీత పడని వాక్యం కోసం వెతుక్కోవలసి వచ్చింది. పుస్తకం మూసి, ఒత్తిడికి శరీరం స్పందించే తీరులో హాన్స్ సెల్యే చెప్పిన మూడు దశలేమిటని అడిగాను. "కుడివైపు పేజీలో, పైన, పసుపు గీత గీశాను" అన్నది. నిజమే, అక్కడే ఉంది. హెచ్చరిక, ప్రతిఘటన, క్షీణత అన్న ఆ మూడు మాటలు మాత్రం నోటికి రాలేదు. చూస్తే గుర్తుపట్టడం ఒకటి, చూడకుండా గుర్తుకు తెచ్చుకోవడం మరొకటి. ఈ భేదం ఆ పిల్ల పదకొండో తరగతిలో చదివినదే. ఏడోసారి చదివేటప్పుడు ప్రతి వాక్యమూ పరిచితంగా కనిపిస్తుంది, ఆ పరిచయాన్నే మనసు జ్ఞానమని పొరబడుతుంది.

మన పెద్దల చదువులో దీనికి విరుగుడు ఉండేది. వల్లెవేయడం, అప్పజెప్పడం అని రెండు వేరువేరు మాటలు మనకున్నాయి. వల్లెవేయడమంటే పుస్తకం ఎదురుగా పెట్టుకుని పదేపదే పలకడం. అప్పజెప్పడమంటే పుస్తకం మూసి, ఎదుట కూర్చున్న పంతులుగారికో నాన్నగారికో పాఠాన్ని తిరిగి చేతికివ్వడం. ఆ మాటలోనే అప్పగింత ఉంది. మొదటిది లోనికి పోయడం, రెండోది లోపలినుంచి తోడడం. "బట్టీ చదువు" అని నిరసిస్తూ మనం రెంటినీ ఒకే గాటకు కట్టి పారేశాం. పారేశామని అనుకున్నామే గాని, వల్లెవేయడం రంగు పెన్నుల రూపంలో ఇంట్లోనే మిగిలింది. పోయింది అప్పజెప్పడమే.

ఇది కేవలం పాతదాని మీది మమకారంతో అంటున్న మాట కాదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు అమెరికను శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థుల చేత చిన్న చిన్న వచనభాగాలు చదివించారు. కొందరి చేత వాటినే మళ్ళీ చదివించారు. మరికొందరి చేత, చూడకుండా, గుర్తున్నంత వ్రాయించారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే లెక్క తారుమారైంది: మళ్ళీ చదివినవారికి గుర్తున్నది 42 శాతం, చూడకుండా వ్రాసినవారికి 56 శాతం. తప్పులు దిద్దేవారెవరూ లేకుండానే అంత తేడా వచ్చింది. పరీక్ష ముందురాత్రి చదువు అంత తియ్యగా ఎందుకుంటుందో, అది వారానికల్లా ఎందుకు ఆవిరవుతుందో ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది.

వ్యవధి సంగతి ఇంకా పాతది. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మను పండితుడు అర్థంలేని అక్షరగుచ్ఛాలను తానే కంఠస్థం చేసి, కొంతకాలం తరువాత వాటిని తిరిగి నేర్వడానికి శ్రమ ఎంత తగ్గిందో కొలిచి, 1885లో ప్రకటించాడు. ఇరవై నిమిషాలకు 58 శాతం శ్రమ ఆదా అయింది, గంటకు 44, ఒక రోజుకు 34కు దగ్గర, నెలకు 21. అంటే మరుపు మొదట్లో పరుగెత్తి, తరువాత నడుస్తుంది. ఆ పరుగును ఆపడానికి రోజు గడిచాక ఒకసారి, మూడు నాలుగు రోజులకొకసారి, వారానికొకసారి తోడుకోవాలి. ఒకే పూట ఏడుసార్లు చదవడం కన్నా ఏడు వేరువేరు పూటల్లో ఒక్కొక్కసారి అప్పజెప్పడం మేలు.

అష్టావధానం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అవధాని సమస్యకు ఒక పాదం చెప్పి, దత్తపదికి ఒక పాదం చెప్పి, వర్ణనకు వెళ్ళి, మధ్యలో అప్రస్తుతప్రసంగికి జవాబిచ్చి, మళ్ళీ సమస్య దగ్గరకు వచ్చేసరికి మొదటి పాదాన్ని మనసులోనుంచి తోడుకోవాలి. నాలుగు ఆవృత్తుల్లో ప్రతి పద్యమూ అలా ఎడమెడంగా లోపలినుంచి పైకి వచ్చి వెళుతుంది. చివరి ధారణ నాటికి అది ఎన్నోసారి అప్పజెప్పడమో! ధారణ అంతా దైవదత్తమని చేతులు జోడించి ఊరుకుంటాం గాని, అవధాన ప్రక్రియలోనే దానికి తగిన మెట్లు కట్టి ఉన్నాయని నా అభిప్రాయం. (అవధానులు ఒప్పుకోకపోవచ్చు. వారితో వాదించే ధారణ నాకు లేదు.)

అయితే అప్పజెప్పడంలో మన పాత బడులకూ ఒక లోపం ఉండేది. మాటలు అప్పజెబితే చాలు, అర్థం ఎవరూ అడిగేవారు కారు. ఈ పరీక్షకు అది సరిపోదు. 2024-25 నుంచి సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతుల ప్రశ్నపత్రాల్లో సగాన్ని నేర్చినదాన్ని అన్వయించే ప్రశ్నలకు కేటాయించింది. ఒక చిన్న సంఘటన ఇచ్చి, ఇందులో కనిపించే రక్షణతంత్రం ఏది, ఎందుకు అని అడుగుతారు. బజారులో దొరికే "ముఖ్యమైన ప్రశ్నలు" పుస్తకాల్లో నిర్వచనాలు దొరుకుతాయి, "ఎందుకు" దొరకదు. ఒక మాట రూపాన్ని చూసినదానికన్నా, దాని ధ్వనిని తలచినదానికన్నా, అర్థాన్ని ఆలోచించినప్పుడే అది ఎక్కువగా నిలుస్తుందన్నది 1972లో క్రెయిక్, లాక్‌హార్ట్ ప్రతిపాదించిన సిద్ధాంతపు సారం. అదీ ఆ అధ్యాయంలోనే ఉంది!

అందుకని మేము పెట్టుకున్న ఏర్పాటు ఏమిటంటే, ఏ పూట చదివినది ఆ మరుసటి పూట వాళ్ళ నాయనమ్మకు తెలుగులో చెప్పాలి. మా అమ్మ అయిదో తరగతి దాకా చదువుకున్నది. ఇంగ్లీషు మాట వినిపిస్తే "అంటే?" అంటుంది. అంతకు మించిన పరీక్షాధికారి దొరకడు.

ఫ్రాయిడు చెప్పిన రక్షణతంత్రాల దగ్గర ఈ ఏర్పాటు బాగా పండింది. తన వైఫల్యానికి సబబైన కారణం కల్పించుకునే తంత్రాన్ని ఆ పిల్ల ఆపసోపాలు పడి వివరిస్తే, "ఆడలేక మద్దెల ఓడన్నదిట, అదేగా" అన్నది మా అమ్మ. తనలోని దోషాన్ని ఎదుటివారికి అంటగట్టడం గురించి చెబితే, "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన." ఒకరి మీది కోపాన్ని మరొకరి మీదికి మళ్ళించే తంత్రం ఆ పుస్తకంలో ప్రధానమైనవాటి వరసలో లేదు గాని, నేనే వేరే చెప్పి అడిగాను. అడగడమే తడవుగా, "అత్త మీది కోపం దుత్త మీద." పిల్ల పగలబడి నవ్వింది. ఆ మూడూ ఇక జన్మలో మరచిపోదు.

కాని సామెత చెబితే మార్కులు పడవు. ఈ చర్చే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. మద్దెల ఓడన్నది తెలిసి చెప్పిన అబద్ధం కూడా కావచ్చు కదా అని అడిగాను. పిల్ల కాసేపు ఆలోచించి, అలా అయితే అది రక్షణతంత్రం కాదన్నది. ఫ్రాయిడు చెప్పినది అచేతనంగా జరిగే పని. మద్దెల నిజంగానే ఓటిదని ఆమె నమ్మాలి. ఆ నమ్మకం వల్ల ఆమె ఆందోళన తగ్గాలి. అందుకోసం వాస్తవం కొంత వంకరపోవాలి. సామెత బయటి నడతను పట్టింది, సిద్ధాంతం లోపలి కారణాన్ని చెప్పింది. రెంటికీ మధ్య ఉన్న ఆ ఎడాన్ని వ్రాయగలిగితే అదే సమాధానం. ఇది ఏ రంగు గీతా ఇవ్వలేని చదువు.

తెలుగులో చెప్పడంలో చిక్కులు లేవని కాదు. మానసిక రుగ్మతల అధ్యాయంలో మన "భ్రాంతి" అనే మాట పెద్ద పేచీ పెట్టింది. చీకట్లో తాడును చూసి పామనుకోవడం భ్రాంతి అంటాం. ఎవరూ లేకుండానే గొంతులు వినిపించడమూ భ్రాంతే. పొరుగువారు తన మీద కుట్ర పన్నుతున్నారని నిరాధారంగా నమ్మి, ఎంత నచ్చజెప్పినా వదలకపోవడమూ భ్రాంతే. శాస్త్రంలో ఇవి మూడు: ఇల్యూజన్, హాల్యూసినేషన్, డెల్యూజన్. మొదటిదానిలో వస్తువు ఉంది, గ్రహించడం తప్పింది. రెండోదానిలో వస్తువే లేదు. మూడోది ఇంద్రియాల సంగతే కాదు, నమ్మకం సంగతి. స్కిజోఫ్రీనియా లక్షణాలు వ్రాసేటప్పుడు చివరి రెంటినీ తారుమారు చేయడం పిల్లలకు మామూలు. పోలికలున్న విషయాలు ఒకదాన్నొకటి అడ్డుకోవడం వల్ల మరుపు కలుగుతుందని కదా సిద్ధాంతం. కనుక ఇటువంటివాటిని వేరువేరు రోజుల్లో కాక ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి, తేడా చెప్పమని అడగాలి. స్కిజోఫ్రీనియా అనగానే 2005లో వచ్చిన "అపరిచితుడు" సినిమాలోలా ఒకే మనిషిలో ముగ్గురనుకోవడమూ ఆ కాగితం మీదికే వస్తుంది. అది వేరే రుగ్మత. "చీలిన మనసు" అన్న అర్థమిచ్చే గ్రీకు మాటలతో 1908లో బ్లాయిలర్ పెట్టిన పేరే ఈ అపోహకు కొంత దారి తీసింది.

ఇక నిద్ర. రాత్రి రెండింటి దాకా మేలుకోవడం శ్రద్ధకు గుర్తని మా అన్నయ్య నమ్మకం. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అనేవారు నేర్చిన వెంటనే నిద్రపోయినవారికి, మేలుకుని ఉన్నవారికన్నా మరుపు తక్కువని చూపించారు. ఆ మాట చెబితే మా అన్నయ్య, "నువ్వు చదువుకునే రోజుల్లో ఈ నిద్ర సిద్ధాంతం బాగానే పాటించావులే" అన్నాడు.

అసలు పేచీ ఆ తొంభై మార్కుల షరతు మీద. పన్నెండో తరగతి పుస్తకంలో లాజరస్ సిద్ధాంతం ఉంది. ఒక సంఘటన ఒత్తిడి అవుతుందా కాదా అన్నది సంఘటనలో కన్నా మనిషి దాన్ని ఎలా మదింపు చేస్తాడన్నదాని మీద ఆధారపడుతుంది. అదే పరీక్షను సవాలుగానూ చూడవచ్చు, ముప్పుగానూ చూడవచ్చు. ఆ తరువాత, దీన్ని ఎదుర్కొనే సత్తువ నాకుందా అని మనసు రెండోసారి లెక్క వేసుకుంటుంది. ఇష్టపడి ఎంచుకున్న శాస్త్రంలో పరీక్ష ఆ పిల్లకు సహజంగా సవాలే. ఒక అంకె కట్టి, అది తప్పితే నీ దారి మూసేస్తామనడంతో మేమే దాన్ని ముప్పుగా మార్చాం. ఆందోళన లక్షణాలు చదువుతూ చదువుతూ, చెమటపట్టిన అరచేతులు చూపించి "ఇవన్నీ నాకున్నాయి బాబాయ్" అని ఆ పిల్ల నవ్వబోయి నవ్వలేకపోయింది. మూడో అధ్యాయాన్ని పిల్ల కన్నా ముందు తండ్రి చదవాలని నేనంటాను. అన్నాను కూడా. "ఇప్పుడు ఆ పరీక్ష నేనూ వ్రాయాలా?" అన్నాడు. షరతు ఇంకా తీయలేదు గాని, ఆ మాట భోజనాల దగ్గర ఎత్తడం మానేశాడు.

ఆ అధ్యాయంలోనే ఇప్పటికీ మాకు కుదరని మాట ఒకటి మిగిలి ఉంది: కోపింగ్. "తట్టుకోవడం" అంటే పడి ఊరుకోవడంలా వినిపిస్తోంది. "ఎదుర్కోవడం" అంటే యుద్ధానికి వెళ్ళినట్టుంది. పైగా పుస్తకంలో తప్పుకుని తిరగడం కూడా కోపింగులో ఒక విధమే. "నెగ్గుకురావడం" అన్నది మా అమ్మ. బాగుంది, కాని నెగ్గకపోయినా కోపింగే కదా అని పిల్ల అభ్యంతరం. మీకేదైనా మంచి మాట తోస్తే చెప్పండి, పరీక్ష లోపల ఆమెకు చేరవేస్తాను.