మరచెంబు న్యాయం

పాత తుపాకీకి పట్టేసిన మర ఊడదీయడం మగవాళ్ళ పని అని తీర్మానించిన మహానుభావుడెవరో గాని, ఆయన జన్మలో ఒక్కసారైనా పట్టేసిన మరచెంబు మూత తీసి ఉండడు.

"తుపాకుల గొడవ మనకెందుకమ్మా" అంటారేమో. ఎందుకు కాదూ? మా విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత లోగిళ్ళలో, అటక మీదనో భోషాణం వెనకనో, తాతల నాటి తుపాకీ తుప్పు పట్టి పడివున్న ఇళ్ళు నేనెరుగుదును. మూతిలోంచి మందూ గుండూ కూరి పేల్చే రకం. దసరా వచ్చిందంటే ఆయుధపూజకని దాన్ని కిందికి దింపుతారు. దింపేది వాళ్ళు, దుమ్ము తుడిచేది మనం. దాని చుట్టూ తిరిగేది మన పిల్లలు. ఇంక గొడవ మనది కాక మరెవరిది?

దింపినవాళ్ళు ఊరుకుంటారా? "లోపల కూడా శుభ్రం చేయించేద్దాం" అంటారు. గొట్టం అడుగున మరలు చుట్టి బిగించిన ఇనప బిరడా ఒకటి ఉంటుంది. కేపుల తుపాకీ అయితే కేపు కూర్చునే చిన్న ముక్కు కూడా మరతోనే బిగించి ఉంటుంది. ఏళ్ళ తరబడి కదలని ఆ మరలు ఒక పట్టాన వస్తాయా? ముందు పట్టుకారు, తర్వాత పైపు రెంచి, ఆపైన సుత్తి, ఆఖరికి గ్యాసు వెల్డింగు కొట్టు. "ఏటీ అవదమ్మా, కాసింత మంట సూపిస్తే అదే ఊడొచ్చేస్తాది" అంటాడు అక్కడి కుర్రాడు. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఇక్కడే.

ఆ గొట్టంలో మందు లేదని ఎవరు చూశారు? తూటాల తుపాకీ అయితే వెనక తెరిచి చూసుకోవచ్చు. ఇది అడుగు మూసిన గొట్టం. కడుపులో ఏముందో పైకి చెప్పదు. నల్లమందంటే సూరేకారం, బొగ్గు, గంధకం. మనిషి ముసలివాడైనట్టు అదీ ముసలిదై నీరసపడుతుందనుకోవడం వట్టి భ్రమ. పొడిగా ఉన్నంతకాలం దాని గుణం దానికి ఉంటుంది. 2013 జనవరిలో న్యూయార్కు సెంట్రల్ పార్కులో పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిషు ఫిరంగికి తుప్పు వదిలిస్తుంటే లోపల గుండూ, ముప్పాతిక కిలోకి పైగా మందూ బయటపడ్డాయి. అన్నేళ్ళూ అది ఉత్త అలంకారమే అనుకున్నారు. పోలీసులొచ్చి మందు తీసుకుపోయారు. అంత పెద్ద ఊళ్ళో, అంత చదువుకున్నవాళ్ళకే తెలియనిది మన అటక మీది తుపాకీ గురించి మనకి ఎలా తెలుస్తుంది? అలాంటిదాని అడుగున మంట పెట్టడమంటే పొయ్యి మీద పెట్టడం కాదూ?

చూసే పద్ధతి బ్రహ్మవిద్యేమీ కాదు. ముందు పైన కేపు ఏదీ లేదని చూసుకోవాలి. మూతికి ఎదురుగా ఎవరూ నిలబడకుండా, తెలిసిన మనిషి పక్కనుంచి సన్నటి కర్రపుల్ల మెల్లగా లోపలికి దించాలి. మూతి దగ్గర పుల్ల మీద గుర్తు పెట్టి, పైకి తీసి, గొట్టం పక్కన పెట్టి కొలవాలి. బియ్యం డబ్బాలో పుల్ల దించి ఎంత మిగిలిందో చూడమా, అంతే. పుల్ల కొస గొట్టం అడుగున ఉన్న చిన్న రంధ్రం దాకా వస్తే సరే. నాలుగు వేళ్ళు తక్కువైతే లోపల ఏదో ఉన్నట్టే. ఇక దాన్ని ముట్టుకోకుండా పోలీసులకు కబురంపాలి. తుపాకీకి కాగితాలున్నాయో లేదో కూడా ఆ పనిలో పనిగా తేల్చుకోవడం మంచిది.

ఇంతకీ మర ఎందుకు పట్టేస్తుంది? పేలిన మందు మసి తేమను లాక్కుంటుంది. తేమకి ఇనుము తుప్పవుతుంది. తుప్పు తనకు పుట్టిల్లయిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో పొంగి బిగుసుకుంటుంది. మనదా, సముద్రపుగాలి. దానికి తోడు ఏటా తడి పసుపు, కుంకుమ నీళ్ళు మరల సందుల్లోకి దిగేలా పూస్తాం. పూజ వద్దనడం లేదు. పొడి అక్షతలు, ఒక పువ్వు చాలవా? అమ్మవారు ఆగ్రహించదు.

ఇప్పుడు మరచెంబు దగ్గరికి వద్దాం. ప్రయాణాల్లో నీళ్ళు పట్టుకెళ్ళిన ఆ ఇత్తడి చెంబుకి చిలుము పట్టి మూత బిగుసుకుంటే మన అమ్మమ్మలు సుత్తి తెచ్చారా? అంచున నూనె చుక్క వేసి, మర్నాటిదాకా ఊరుకుని, చుట్టూ మెల్లగా తట్టి, ఇటూ అటూ కాస్త కాస్త కదిపేవారు. తుపాకీ పక్కన ఉండే చిన్న మరలకీ ఇదే న్యాయం. ఖాళీ అని తేలాక కుట్టుమిషను నూనె చుక్కలు వేసి రోజుల తరబడి ఆగాలి. గాడికి సరిగ్గా అతికే స్క్రూడ్రైవరే పట్టాలి. రాకపోతే మళ్ళీ నూనె, మళ్ళీ ఓర్పు. అడుగు బిరడా జోలికి మాత్రం అసలు పోవద్దు. ఆ తుపాకీ మళ్ళీ పేలాలా ఏమిటి? పేలనక్కర్లేనిదాని అడుగు ఊడదీయడం దేనికి?

"విరిగితే కొత్త మర వేయిస్తాం" అనే ధీమా మరొకటి. ఏ కొట్లో దొరుకుతుందండీ? మరలకి అందరికీ ఒకే కొలత ఉండాలని ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిందే 1841లో. అంతకు ముందు చేతితో కోసిన మర దాని రంధ్రానికే సరిపోతుంది. పక్క తుపాకీకి కూడా పట్టదు.

పైగా ఆ చోటే తుపాకీకి జాతకం. "మాది బొబ్బిలి యుద్ధం నాటిది" అని చెప్పుకునేవారున్నారు. ఆ యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. కేపులు వాడుకలోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దంలో. కేపు ముక్కు ఉన్న తుపాకీ అయితే ఆ తర్వాత తయారైనదైనా అయివుండాలి, పాతదాన్ని తర్వాత మార్చిందైనా అయివుండాలి. ఏది నిజమో చెప్పేది గొట్టం అడుగునున్న ముద్రలూ, అతుకులూ, మరలే. పైపు రెంచి పళ్ళు కరిచేదీ ఆ చోటునే! చరిత్ర చెప్పుకుని మురిసేవాళ్ళే దాని నోరు నొక్కేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?

ఈ దసరాకి తుపాకీ దిగితే, ఎవరైనా సుత్తి ఎత్తకముందే ఒక్క మాట అడగండి: "లోపల మందుందో లేదో చూశారా?" జవాబు రాకపోతే సుత్తి లాక్కుని వంటింట్లో పెట్టేసుకోండి. కొబ్బరికాయ కొట్టుకోవడానికి పనికొస్తుంది.