షీర్ ఖుర్మాలో జీడిపప్పు ఏరేస్తే సరిపోదు

రంజాన్ పండుగ నాడు మన ఇళ్లకొచ్చిన పిల్లల్ని ఎవరూ ఒట్టి చేతులతో పంపరు. గిన్నెలో షీర్ ఖుర్మా, చేతిలో ఓ మిఠాయి ముక్క, జేబులో ఈదీ. భావనపాడు, టెక్కలి, పలాస-కాశీబుగ్గ వైపైతే ఆ గిన్నెలో జీడిపప్పు ఓ పిడికెడు ఎక్కువే పడుతుంది. పడదా మరి? ఇక్కడ జీడి అంటే పంట, పని, ఊరి పేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని నేలకూల్చితే ఎన్ని ఇళ్లు కుంగిపోయాయో అందరికీ తెలుసు. అలాంటి చోట ఒక తల్లి "మా వాడికి జీడిపప్పు పెట్టకండి" అంటే అది జబ్బులా కాదు, వంకలా వినిపిస్తుంది. "ఒక్క పలుకేగా, ఏం కాదులే" అంటూ ఖాలా నోట్లో పెట్టేస్తుంది. ప్రేమతోనే.

మన వాడుకలోని "పడదు" అనే మాట కూడా కొంత మోసం చేస్తుంది. పెరుగు తింటే జలుబు చేసినా పడదంటాం, శనగపిండితో గ్యాస్ పట్టినా పడదంటాం. ఫుడ్ అలర్జీ అలాంటిది కాదు. గింజలోని ప్రోటీన్‌ను శరీరం శత్రువనుకుని తిరగబడుతుంది. నిమిషాల్లో పెదాలు వాస్తాయి, దద్దుర్లు లేస్తాయి, వాంతులవుతాయి. ముదిరితే ఊపిరాడదు, బీపీ పడిపోతుంది. జీడి పని చేసే ఆడవాళ్ల చేతులు పెంకు నూనెకు కాలడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ బాధ పెంకుతో. ఈ అలర్జీ పప్పుతో. జీడిపప్పు పడని పిల్లల్లో చాలామందికి పిస్తా కూడా పడదు, రెండూ ఒకే కుటుంబం గింజలు. షీర్ ఖుర్మాలో వేసే సారపప్పుదీ ఆ కుటుంబమే, కాబట్టి దాంతోనూ జాగ్రత్తగా ఉండటం మంచిది.

అసలు చిక్కు వంటింట్లో ఉంది. ముందు నేతిలో జీడిపప్పు వేయిస్తాం, అదే నేతిలో సేమియా వేయిస్తాం. తర్వాత పిల్లాడి గిన్నెలోంచి పలుకులు ఏరేసి "తీసేశాం కదా" అంటాం. నెయ్యిలో దిగింది దిగినట్టే ఉంటుంది. గరిటె కూడా అంతే. చేయాల్సింది పెద్ద పనేం కాదు. గింజలు డబ్బాలోంచి తీయకముందే, వేరే గిన్నెలో, వేరే నేతితో పిల్లాడి వాటా వండి పక్కన పెట్టడమే. పాలో, గోధుమో పడని పిల్లాడైతే మాత్రం షీర్ ఖుర్మా ఏ రకంగా వండినా కుదరదు, ఖర్జూరం చాలు.

కొన్న మిఠాయిల సంగతి ఇంకోలా ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ ఆహారం మీద వేరుశెనగ, జీడి లాంటి గింజలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, గోధుమ, సోయా ఉంటే చెప్పాలి. విడిగా అమ్మే మిఠాయి ట్రేకు 2020 అక్టోబరు 1 నుంచి ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టమన్నారు. తేదీ వల్ల మిఠాయి పాతదో కాదో తెలుస్తుంది, అందులో ఏం కలిసిందో తెలియదు. అందుకే అలర్జీ ఉన్న పిల్లలకు సీల్ ఉన్న ప్యాకెట్టే ఇవ్వండి, అదీ తల్లి చదివాకే.

అమెరికాలో హాలోవీన్‌కు పిల్లలు ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుగుతారు. 2014లో అక్కడి ఫేర్ అనే సంస్థ, తినేవి కాకుండా బొమ్మలో పెన్సిళ్లో ఇచ్చే ఇళ్లు గుమ్మం ముందు నీలి-ఆకుపచ్చ గుమ్మడికాయ పెట్టాలని దేశమంతా ప్రచారం మొదలుపెట్టింది. మంచి ఆలోచనే. మనకైతే కొత్తగా కనిపెట్టే పని కూడా లేదు, ఈదీ ఎప్పటినుంచో ఉంది. పది రూపాయల కొత్త నోటుకు ఏ పిల్లాడికీ దద్దుర్లు రావు. అందరు పిల్లలకూ ముందు ఈదీ ఇచ్చి, మిఠాయి డబ్బా పెద్దవాళ్ల చేతికిస్తే "నీకు వద్దు" అని ఒక్కడిని పక్కన కూర్చోబెట్టే అవసరమే రాదు.

పొరుగున ఉన్న హిందువుల ఇళ్లకు మనం షీర్ ఖుర్మా పంపుతాం, సంక్రాంతికి అక్కణ్నుంచి నువ్వులద్దిన అరిసెలు వస్తాయి. నువ్వులూ కొందరికి పడవు. క్యారియర్ మూత మీద "జీడిపప్పు, పిస్తా, పాలు ఉన్నాయి" అని చిన్న చీటీ అంటిస్తే మర్యాదకేం లోటు?

ఒకవేళ పిల్లాడు తినేసి గొంతు బిగుసుకుంటోందన్నా, పిల్లికూతలు వినిపించినా ఇంట్లో చిట్కాలు వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. సిట్రిజిన్ దురద తగ్గిస్తుందేమో గానీ ఊపిరి నిలబెట్టదు. ఆ సమయంలో కావాల్సింది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. పిల్లాణ్ని నడిపించకండి, పడుకోబెట్టండి. ఊపిరి ఇబ్బందిగా ఉంటే కూర్చోనివ్వండి. భావనపాడు లాంటి తీరం ఊళ్ల నుంచి ఆసుపత్రికి చేరేసరికి చాలా సమయం పడుతుంది. అందుకే అలర్జీ ఉందని తెలిసిన ఇల్లు పండుగకు ముందే డాక్టరును కలిసి, దగ్గర్లో ఆ ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుతుందో రాసి పెట్టుకోవాలి. మిగతా ఇళ్లవాళ్లు వచ్చిన పిల్లల తల్లిని ఒక్క మాట అడగాలి: "బాబుకి ఏమైనా పడనిది ఉందా, ఆపా?"