పాత కారు మీద మోజు ఆడపిల్లకి ఉండకూడదా?

ఆడపిల్ల 20 లక్షలు పెట్టి నగలు చేయించుకుంటే మనలో ఎవరూ నోరెత్తరు. ‘బంగారం ఎక్కడికి పోతుందమ్మా, ఆస్తే కదా’ అంటాం. అదే డబ్బుతో ఓ పాత కారు కొనుక్కుంటానంటే మాత్రం ఇంటిల్లిపాదికీ జ్వరం వచ్చేస్తుంది. మా వాళ్ళకి ఆ జ్వరం వచ్చి ఆరు నెలలవుతోంది.

మా అక్క కూతురు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉద్యోగం చేస్తోంది. రోజూ ఆఫీసుకి పోయి రావడానికి మామూలు కారు ఉంది. అది కాక 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి బేరం చూసింది. 22 వేల డాలర్లట. మన లెక్కలో 18 లక్షల పైమాటే. అప్పు లేదు, ఎవర్నీ చెయ్యి చాచి అడిగిందీ లేదు, తను దాచుకున్న డబ్బు. తల్లికి ఫోన్ చేసి చెప్పడమే ఆ పిల్ల చేసిన పాపం. ‘అరవయ్యేళ్ళ ఇనప సామానా?’ అన్నారు బావగారు. సంబంధాలు చూస్తున్నాం, ఈ సంగతి తెలిస్తే పిల్ల దుబారా మనిషి అనుకోరూ అని అక్క భయం. అన్నిటికంటే మా మేనత్త అన్న మాట చూడండి: ‘మగపిల్లాడైతే ఏదో సరదా అనుకోవచ్చు, ఆడపిల్లకి ఇదేం బుద్ధే!’

నా పేచీ ఆ మాటతోనే.

ఒంగోలు చుట్టుపక్కల పెరిగినవాళ్ళకి పాత అమెరికా బండ్లూ, వాటిని మార్పించుకోవడమూ కొత్తేం కాదు. మనం జీపు అనేది మొదట అమెరికా విల్లీస్ కంపెనీదే. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు వాటిని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టాక మన పల్లెలకీ వచ్చాయి. మా నాన్న టంగుటూరు దగ్గర పొగాకూ మిరపా వేసే రోజుల్లో అలాంటి పాత పెట్రోలు జీపు ఒకటి కొన్నారు. రెండేళ్ళు తిరక్కుండానే పెట్రోలు ఖర్చు తట్టుకోలేక డీజిల్ ఇంజను పెట్టించారు. ఆ తర్వాత టాపు తీయించారు, వెనక ఎదురెదురుగా బల్లలు వేయించారు, ముందు లావుపాటి ఇనప గొట్టంతో బంపరు కట్టించారు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ నాన్నా, ఆయన స్నేహితులూ టీలు తాగుతూ దాని చుట్టూనే. ఆ ఇంజను కోసం అమ్మ గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు. అమ్మా అడగలేదు. ఆ జీపులో అమ్మ చోటు ఎప్పుడూ వెనక బల్ల మీదే, మిరపకాయ బస్తాల పక్కన.

నాన్నని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ జీపు పొలానికీ, గుంటూరు యార్డుకీ పనికొచ్చిన మాట నిజం. కానీ ఆ బంపరు దేనికి పనికొచ్చింది చెప్పండి? అది సరదా. మగవాళ్ళ సరదాకి అవసరం అని పేరు పెట్టి ఊరుకుంటాం. మన సరదాకి వచ్చేసరికి సవాలక్ష సంజాయిషీలు కావాలి.

ఆ పిల్ల కూడా ముందు సంజాయిషీయే వెతుక్కుంది. ‘పిన్నీ, వీటి రేటు పెరుగుతుందని చెప్పనా అమ్మకి?’ అంది. వద్దన్నాను. పెరగొచ్చు, పెరగకపోవచ్చు. మస్టాంగ్ ఏమీ అరుదైన బండి కాదు. 1964 ఏప్రిల్‌లో మార్కెట్లోకి వస్తే రెండేళ్ళు నిండకుండానే 10 లక్షలు తయారయ్యాయి. టాపు దించుకునే రకానికీ, ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజను రకానికీ ఉన్న గిరాకీ ఆరు సిలిండర్ల మామూలు దానికి లేదు. ఇది చూసింది ఆ మామూలుదే. పైగా బాగుచేయించడానికి పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రావడం కష్టం. ‘పెట్టుబడి అని చెప్పి ఒప్పించావనుకో, రేపు రేటు పడిపోతే దోషివి నువ్వే. ఇష్టమై కొంటున్నానని చెప్పు’ అన్నాను. ఆ చిన్న మాట అనడానికి దానికి వారం పట్టింది.

అసలు ఇది మగవాళ్ళ కారని ఎవరన్నారు? సినిమాల్లో మగవాళ్ళు నడిపి నడిపి అలా అనిపిస్తుంది గానీ, ఫోర్డ్ వాళ్ళు దీన్ని కట్టింది ఫాల్కన్ అనే తమ చవక కుటుంబం కారు ఆధారంగానే. ఆడవాళ్ళని ఉద్దేశించి ప్రకటనలు కూడా వేశారు. అక్కడ మొట్టమొదట అమ్ముడైన మస్టాంగ్‌గా పేరున్న బండిని కొన్నది షికాగో ప్రాంతపు స్కూలు టీచరు గెయిల్ వైజ్. అప్పటికి ఆమెకి 22 ఏళ్ళు. 1964 ఏప్రిల్ 15న, అంటే విడుదలకి రెండు రోజుల ముందే, షోరూంలో గుడ్డ కప్పి దాచిన లేత నీలం బండిని తీసుకుని వెళ్ళింది. డబ్బు అమ్మానాన్నల దగ్గర అప్పు తీసుకుందట. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, సంసారం. నడవడం మానేసిన కారు 27 ఏళ్ళు గరాజులో మూలపడి ఉంది. రిటైరయ్యాక భర్త దాన్ని మళ్ళీ కొత్తదానిలా చేశాడు. అన్నేళ్ళూ ఆ కారు వాళ్ళింట్లోనే ఉండిపోయింది చూశారా, అది నాకు నచ్చింది.

‘ఎందుకు’ అని అడగడం మానేస్తే అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కనబడతాయి. ఒంగోలు ఎద్దుల్ని కొనేటప్పుడు మనవాళ్ళు ఒంటి నిగారింపు చూసి డబ్బివ్వరు. పళ్ళు చూస్తారు, సుడులు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. పాత కారు కొనడమూ అంతే. తళతళలాడే రంగు కింద తుప్పుందో పుట్టీ ఉందో ఎలా తెలుస్తుంది? చిన్న అయస్కాంతం తీసుకెళ్ళమన్నారట దాని స్నేహితులు. రేకుకి అంటుకుంటుంది, పుట్టీకి అంటుకోదు. ఈ మస్టాంగ్‌లకి ముందు అద్దం కింద గాలి లోపలికి వచ్చే సందులుంటాయి. వాన నీళ్ళు అందులోకి దిగి, లోపల రేకుని తినేసి, కాళ్ళ దగ్గర కార్పెట్ కింద చేరతాయి. అందుకని కార్పెట్ ఎత్తి చూడాలి, కింద దూరి చూడాలి. దీనికి విడిగా చట్రం ఉండదు, ఒంటి రేకులే చట్రం. అవి పుచ్చితే పైన ఎంత మెరుగు పెట్టినా దండగే. ఇంకొకటి, కారు నంబరు పలకలో అయిదో అక్షరం ఫ్యాక్టరీలో ఏ ఇంజను పెట్టారో చెబుతుంది. ఆరు సిలిండర్ల దానికి తర్వాతెప్పుడో ఎనిమిది సిలిండర్లది బిగించి, పుట్టుకతోనే ఇంతే అని ఎక్కువకి అమ్మేవాళ్ళు ఉంటారు. ఆ అక్షరం చూస్తే గుట్టు తెలిసిపోతుంది.

ఇక మార్పుల సంగతి. కారు చూడ్డానికి తోడు వెళ్ళిన కుర్రాళ్ళందరిదీ ఒకటే పాట: ‘చిన్న ఇంజను తీసేసి పెద్దది పెట్టు, వెడల్పు టైర్లు వెయ్యి, సైలెన్సరు మార్చు, వీధంతా అదిరిపోవాలి’. నేను ఇందులో గట్టిగా వ్యతిరేకిని. మెకానిక్కుని కాను, అయినా చెబుతాను. ఆ కాలపు ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కి చక్రానికి నాలుగు నట్లే ఉంటాయి, ఎనిమిది సిలిండర్ల దానికి అయిదు. ఇరుసు దగ్గర్నుంచి స్ప్రింగులూ బ్రేకుల దాకా అన్నీ ఆ చిన్న ఇంజను బరువుకీ బలానికీ తగ్గట్టు పెట్టినవే. ఇంజను ఒక్కటీ మార్చి ఊరుకుంటే ప్రమాదం, అన్నీ మారిస్తే కారు ఖరీదంత ఖర్చు. ఎవరి మెప్పు కోసం?

మార్చాల్సినవి వేరే ఉన్నాయి. 1966 కారులో బ్రేకు నూనె నాలుగు చక్రాలకీ ఒకే దారిలో వెళుతుంది. ఎక్కడ కారినా మొత్తం బ్రేకు పోవచ్చు. 1967 మోడల్ నుంచి రెండు దారులు చేశారు, ఆ ఏర్పాటు పాతవాటికీ అమర్చుకోవచ్చు. ముందు చక్రాలకి డ్రమ్ములు తీసి డిస్కులు వేయించుకోవచ్చు. నడుముకి కట్టుకునే బెల్టే గానీ భుజం మీదుగా వచ్చేది లేదు, అది పెట్టించుకోవాలి. పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల, వెనక నుంచి ఎవరైనా గుద్దితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ట్యాంకుకీ సీట్లకీ మధ్య ఇనప రేకు అడ్డం పెట్టిస్తారట. ఇవేవీ బయటికి కనబడవు. కారు చూసి ‘అబ్బ!’ అనేవాడెవడూ వీటిని చూసి అనడు. అందుకే ముందు వీటికి డబ్బు తీసి పక్కన పెట్టమన్నాను, రంగు సంగతి తర్వాత. ఈ కార్లకి దాదాపు ప్రతి భాగమూ అక్కడ కొత్తగా చేసి అమ్ముతున్నారు కాబట్టి దొరకదేమోనన్న బెంగ లేదు.

అక్కడైతే అలా సాగింది గానీ, ఇక్కడ మన ఊళ్ళో ఏ అమ్మాయికైనా ఇలాంటి మోజు ఉంటే కాస్త చూసుకుని దిగాలి. కంపెనీ ఇచ్చిన కొలతలకి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీం కోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. ఇంజను మార్చాలన్నా రవాణా శాఖ అనుమతి ఉండాలి. మా నాన్న చేయించినట్టు షెడ్డులో టీలు తాగుతూ కానిచ్చేయడం ఇప్పుడు కుదరదు. 50 ఏళ్ళు దాటిన కార్లకి 2021లో వేరే నిబంధనలు వచ్చాయి. వింటేజ్‌గా నమోదు చేయించుకోవడానికి 20 వేల రూపాయల ఫీజు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో ‘వి ఎ’ అక్షరాలుంటాయి. అయితే ఆ కారు పెద్దగా మార్పులు లేకుండా అసలు రూపంలోనే ఉండాలి, రోజువారీ తిరుగుడుకి వాడకూడదు. కాయితాల్లో యజమాని పేరు దగ్గర మీ పేరే రాయించుకోండి. ‘ఎవరి పేరైతే ఏముందిలే’ అనే మాట మగవాళ్ళ ఆస్తి దగ్గర ఎప్పుడైనా విన్నారా?

పోయిన నెల ఆ మస్టాంగ్ మా పిల్ల ఇంటికి వచ్చింది. కాయితాలు దాని పేరు మీదే. బ్రేకుల పని వచ్చే నెలలో పెట్టుకుంది, అప్పటిదాకా వీధి మలుపు దాటించనంది. బావగారు ఇంకా మాట్లాడ్డం లేదు. అక్క మాత్రం ఫొటో చూసి ‘రంగు బాగానే ఉందే’ అంది. వచ్చే ఏడు అక్కడికి వెళితే చీర కట్టుకుని ఆ వెనక సీట్లోకి ఎక్కడం కుదురుతుందా అని నన్నడిగింది. రెండే తలుపులు, ముందు సీటు వంచి దూరాలి. ‘వెనక్కెందుకు అక్కా, ముందు కూర్చో’ అన్నాను.