అది ఖాళీ టైమ్ పని కాదు

పిల్లలూ, గిరావీన్ అంటే ఇక్కడి ఆదివాసుల భాషలో "పూలు ఉండే చోటు" అని చెబుతారు. ఈరోజు దారంతో పూలు అల్లే అమ్మల గురించి చెప్తాను.

వాళ్ళది పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, దాని చుట్టుపక్కల ఊళ్ళు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారు. తర్వాత కూతుళ్ళు అమ్మల్ని చూసి నేర్చుకున్నారు. కొక్కెం ఉన్న చిన్న సూది, దారం ఉండ ఉంటే చాలు. ఒకరు పూలు అల్లితే, ఇంకొకరు వాటిని కలిపి టేబుల్ క్లాత్ చేస్తారు. ఆ లేసు విదేశాలకు వెళ్తుంది. 2024లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

పొలం పనులు లేనప్పుడు, భర్త సంపాదన చాలనప్పుడు ఈ పని అమ్మకు ఆసరా. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు నాలుగు పూలు అల్లొచ్చు. ఆ డబ్బు బియ్యానికో, పిల్లల పుస్తకాలకో పనికొస్తుంది. అందుకే "చేతిపని ఉంటే ఇల్లు గడిచిపోతుంది" అంటారు. నేను ఆ మాట సగమే ఒప్పుకుంటాను.

ఎందుకంటే, మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ అమ్మల మీద 1982లో ఒక పుస్తకం రాశారు. వాళ్ళు ఇంటి పనంతా చేసుకుని, రోజుకు 6 నుంచి 8 గంటలు లేసు అల్లేవాళ్ళు. అయినా అందరూ దాన్ని "ఖాళీ టైమ్ పని" అనేవాళ్ళు. అలా అనుకున్నారు కాబట్టే కూలీ చాలా తక్కువ ఇచ్చేవాళ్ళు. లాభం వ్యాపారులకు పోయేది.

"అయితే మానేయొచ్చుగా?" అని మీరు అడగొచ్చు. రాత్రికి పిల్లలకి అన్నం పెట్టాలి కదా! ఒక్క అమ్మ బేరం ఆడలేదు. పదిమంది కలిసి అడిగితే ఆ మాటకి బలం వస్తుంది.

మన దగ్గర కూడా ఇంట్లో బ్లౌజులు కుట్టే ఆంటీలు ఉంటారు. "ఇంట్లోనే ఉంటారుగా, కొంచెం తగ్గించండి" అని ఎవరైనా అనడం మీరు వినే ఉంటారు. ఈసారి మీరు ఇంకో ప్రశ్న అడగండి: "ఆంటీ, ఇది కుట్టడానికి మీకు ఎన్ని గంటలు పట్టింది?" జవాబు విన్నాక ధర గురించి మాట్లాడండి.

కొత్త మాటలు
ఆసరా: కష్టంలో దొరికే సాయం
కూలీ: చేసిన పనికి ఇచ్చే డబ్బు
బేరం: ధర తగ్గించమనో, పెంచమనో అడగడం

మీరేమంటారు?
ఇంట్లో చేసే పనికి, ఆఫీసులో చేసే పనికి ఒకే విలువ ఉండాలా? ఐదు వాక్యాల్లో రాయండి.