దీపాలు తర్వాత, ముందు మంచినీళ్లు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు చూశారా? రెండు వైపులా పులికాట్ ఉప్పునీరే. దీవి దాటితే బంగాళాఖాతం. ఇలాంటి చోట పాత జీపున్నవారు ఆదివారం వస్తే పెద్ద దీపాలు, వెడల్పు టైర్లు బిగిస్తుంటారు. నాకది నచ్చదు. ముందు టార్చి వేసి జీపు అడుగుభాగం చూడండి!

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ చాలు. నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది, తుప్పు త్వరపడుతుంది. పైగా ఆ తుప్పు పొరలుగా రాలిపోయి లోపలి ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. బ్రేకు నూనె ప్రవహించే సన్నని ఉక్కు గొట్టానికి చిల్లి పడితే? చాలా పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ నూనె దారి ఒక్కటే. నూనె కారిపోతే పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు.

అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. చట్రానికి తుప్పు గీకి జింకు రంగు వేయించండి. జింకు తాను ముందు క్షయమై ఇనుమును కాపాడుతుంది. బ్రేకు గొట్టం మీద గుంటలు కనిపిస్తే మాత్రం రంగుతో కప్పకూడదు, మెకానిక్‌తో గొట్టమే మార్పించాలి. దీపాలంటారా, వచ్చే ఆదివారం చూసుకోవచ్చు.