పక్క ఊళ్లో ఓ గంట

సూర్యాపేటలో ఓ ఇల్లు అనుకోండి. రాత్రి పదింటికి ఆయన తూలుతూ వస్తాడు. పిల్లలు నిద్ర నటిస్తారు. తెల్లారాక భార్య చేతులు పట్టుకుని ‘నీ మీద ఒట్టు, ఇయ్యాల్టి సంది ముట్ట’ అంటాడు. అన్నప్పుడు ఆ మాట నిజమే. సాయంత్రానికి చేతులు వణుకుతాయి... కాళ్లు అలవాటైన దారి పడతాయి.

తాగుడు మానినవాళ్లు కలుసుకునే మీటింగులు ఉంటాయి, వెళ్లి చూడమని ఎవరైనా చెబితే ఉలిక్కిపడతాడు. ‘నలుగురూ చూస్తే?’ పట్టపగలు వైన్‌షాపు ముందు నిలబడినప్పుడు గుర్తురాని ఆ నలుగురూ మానాలనుకున్నప్పుడే గుర్తొస్తారు. కోదాడైనా మిర్యాలగూడైనా ఇదే తంతు. ఒకరినొకరు ఎరిగిన ఊళ్లలో సాయం కోసం గడప దాటనివ్వనిది ఈ సిగ్గే.

మొదలైంది ఇద్దరితోనే

1935 మే నెల. అమెరికాలోని ఏక్రన్ నగరం. న్యూయార్క్‌లో షేర్ల వ్యాపారం చేసే బిల్ విల్సన్ ఓ హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. వచ్చిన పని చెడింది. మందు మాని అయిదు నెలలే అయింది. ఓ పక్క బారులోంచి నవ్వులు... మరో పక్క టెలిఫోను. ఆయన ఫోనందుకున్నాడు. తనలాంటి తాగుబోతు ఇంకొకరితో మాట్లాడాలంటూ వాకబు చేశాడు. అలా దొరికాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట కూర్చుంటానని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. నీతులు చెప్పకుండా తన కథే చెప్పుకున్న మనిషి ఎదురయ్యాడు మరి! ఆ ఏడు జూన్ 10న డాక్టరు ఆఖరిసారి తాగాడు. ఆ తేదీనే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది. మనదేశంలో దీని మీటింగులు 1957లో దిల్లీలో మొదలయ్యాయి.

లోపల ఏం జరుగుతుంది?

గంటో గంటన్నరో కూర్చుంటారు. ఒకరు తన పేరు చెప్పి, ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి గడిచిన కథ చెబుతారు. మిగతావాళ్లు వింటారు. ఫీజు లేదు. ఇంటిపేరు, కులం, ఉద్యోగం ఎవరూ అడగరు. మాట్లాడాలనిపించకపోతే విని వచ్చేయొచ్చు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. అక్కడ విన్నది బయట మోయకూడదన్నది కట్టుబాటు. దేవుడి ప్రస్తావన ఉంటుంది కానీ ఏ మతానికీ చెందింది కాదు. జన్మలో ముట్టనని ఒట్లు వేయించరు. ఇవాళ ఒక్కరోజు తాగకుండా గడపమంటారు. రేపటి సంగతి రేపు.

‘క్లోజ్డ్’ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకు మాత్రమే. ‘ఓపెన్’ మీటింగుకు ఇంట్లోవాళ్లూ వెళ్లొచ్చు. కుటుంబాల కోసం 1951లో మొదలైన ‘అల్-అనాన్’ బృందాలు వేరే ఉన్నాయి.

కబుర్లతో తాగుడు మానుతుందా? పదివేల మందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను 2020లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. పూర్తిగా మానేసి ఉండటంలో ఈ పద్ధతి ఇతర కౌన్సెలింగులకు తీసిపోదని, చాలా సందర్భాల్లో మెరుగేనని తేల్చింది.

ముందు డాక్టరు

రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఒళ్లంతా వణుకు, ఫిట్స్, మతి తప్పడం... ఒక్కోసారి ప్రాణం మీదికే రావచ్చు. మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవాళ్లకూ అంతే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు, మందు దొరక్క ఎర్రగడ్డ ఆసుపత్రికి బాధితులు బారులు తీరారు. అందుకే మానేముందు డాక్టరుకు చూపించుకోవాలి. సూర్యాపేట, నల్లగొండల్లో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. ఆయనకు తెలియకుండా కూరలో మాత్రలో పొడులో కలపడం మాత్రం వద్దు. ఆపైన తాగితే ప్రమాదం.

వెతకడం ఎలా?

మత్తు విముక్తికి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446. మనసు కుదురుగా లేకపోతే టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే. మీటింగుల వివరాలు ఆల్కహాలిక్స్ అనానిమస్ ఇండియా వెబ్‌సైట్లో దొరుకుతాయి. చోటు, సమయం మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. సొంత ఊళ్లో బిడియమైతే ఇంకో ఊళ్లో మీటింగు చూసుకోండి. తప్పేం లేదు. సూర్యాపేట నుంచి కోదాడ బస్సులో గంట ప్రయాణం. పనిమీద హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడో మీటింగుకు వెళ్లిరావచ్చు. అదీ కుదరకపోతే ఫోన్లోనే ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి.

దగ్గర్లో ఏదీ లేదా? తాగుడు మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే చాలు, అదే ఓ బృందమని వీళ్ల నియమం. మిర్యాలగూడలో ఒకరు, సూర్యాపేటలో ఒకరు... ఏక్రన్‌లో మాత్రం ఎందరున్నారని?

ఇంట్లోవాళ్లు చేయాల్సింది కూడా ఉంది. వచ్చే ఆదివారం ఆయన చొక్కా మార్చుకుని బస్టాండుకు బయల్దేరితే, ‘ఎక్కడికి?’ అని వాకిట్లో నలుగురి ముందూ నిలదీయకండి. తిరిగొచ్చేసరికి వేడివేడిగా ఇంత అన్నం వండి ఉంచండి. ఆ ఒక్కరోజు గెలిచి వచ్చినట్టే లెక్క.